తిరుపతిలో నలభై పిల్లుల గిన్నెలు నింపడం ఎలా

పిసినారిని గురించి చెప్పవలసి వస్తే మనవాళ్ళు "పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అంటారు. పిల్లికి పెట్టడం ఎవరికీ బరువు కాదన్న లెక్క ఆ మాటలోనే ఉంది. ఒకటి రెండు పిల్లుల విషయంలో అది నిజమే. రేణిగుంట వైపు ఊరి చివర, ఒక పెంకుటింటి పెరట్లో మేము నడుపుతున్న ఆశ్రయంలో పిల్లులు పదిహేను దాటిన నాటి నుంచి మాత్రం ఆ లెక్క మాకు పనిచేయలేదు. ప్రతి నెలా ఇరవయ్యో తేదీ వచ్చేసరికి తిండి మూట అడుగు కనిపించేది. ఆ తరువాతి పది రోజులు అప్పు మీద, పరుల దయ మీద గడిచేవి. ఇలాంటి ఆశ్రయం నడుపుతున్నవారికి, నడపాలనుకుంటున్నవారికి పనికివస్తుందని మేము నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. విరాళాలు చాలకపోవడం మా ఇబ్బందిలో సగమే. అసలు ఎంత తిండి కావాలో మాకే తెలియకపోవడం మిగిలిన సగం.

ముందు కేలరీలు, తరువాత రూపాయలు

మూడున్నర, నాలుగు కిలోల బరువుండే మన వీధి పిల్లికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి గదిలోనే తిరుగుతున్నదైతే, రోజుకు సుమారు 200 కేలరీలు సరిపోతాయి. పాలిచ్చే తల్లికి దానికి రెండు మూడు రెట్లు కావాలి. కొత్తవారు పొరబడేది కూనల దగ్గర. అరచేతిలో పట్టేంత ప్రాణం కదా అని చిటికెడు వేసి ఊరుకుంటారు. కాని కిలో బరువున్న మూణ్ణెల్ల కూన ఎదుగుతున్నది కాబట్టి, దాని రోజువారీ అవసరం దాదాపు పెద్ద పిల్లి అవసరంతో సమానంగా ఉంటుంది.

నలభై పిల్లుల ఆశ్రయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పెద్దవి 28, పాలిచ్చే తల్లులు 2, కూనలు 10 అనుకుంటే, పెద్దవాటికి 5,600, తల్లులకు 1,000, కూనలకు 2,000, మొత్తం రోజుకు 8,600 కేలరీలు అవుతుంది. కిలోకు 3,600 కేలరీలు ఇచ్చే డ్రై ఫుడ్ (మూటల్లో అమ్మే పొడి తిండి) అయితే ఇది రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఒలికేది, చీమలు పట్టి పారవేసేది కలుపుకొని రెండున్నర కిలోలు. నెలకు 75 కిలోలు. కిలో రూ.250 అనుకుంటే రూ.18,750, అంటే రోజుకు రూ.625. ధర మీ ఊళ్ళో ఎంత ఉంటే అంత వేసుకోండి, కాని ఈ చివరి అంకెను మాత్రం గోడ మీద సుద్దతో రాసి పెట్టుకోండి. దాని అవసరం ముందు ముందు వస్తుంది.

లెక్క కాగితం మీద కుదిరినా గిన్నె దగ్గర తప్పుతుంది. మా దగ్గర మొదట్లో సాయానికి వచ్చేవారందరూ పిడికెళ్ళతో వేసేవారు. ఒకరోజు వంటింటి త్రాసు తెచ్చి తూచి చూస్తే, డిగ్రీ చదివే అమ్మాయి పిడికెడు 30 గ్రాములు, ఆటో నడిపే అన్న పిడికెడు 48 గ్రాములు తూగింది. ఎవరు వచ్చిన రోజున పిల్లులు ఎంత తిన్నాయో ఇక ఊహించుకోవచ్చు. అప్పటి నుంచి పెరుగు డబ్బా ఒకటి తీసుకొని, 55 గ్రాములు తూచి పోసి, ఆ మట్టానికి చుట్టూ కోసివేసి, అదే కొలతగా వాడుతున్నాము. ఒక పెద్ద పిల్లికి రెండు పూటలకూ కలిపి ఆ డబ్బాకు ఒక కొలత. కొలత డబ్బా వచ్చిన మొదటి నెలలోనే మూట మరో నాలుగు రోజులు ఎక్కువ వచ్చింది.

నెలకొకసారి ప్రతి పిల్లినీ తూచాలి. గుడ్డ సంచిలో కూర్చోబెట్టి, స్ప్రింగు త్రాసుకు తగిలించి, సంచి బరువు తీసివేస్తే చాలు. బరువు తగ్గుతున్న పిల్లికి తిండి పెంచే ముందు నులిపురుగుల మందు వేశారో లేదో చూడండి. కడుపులో పురుగులు ఉన్నంత కాలం మీరు కొన్న తిండిలో వాటి వాటా వాటికి పోతూనే ఉంటుంది.

డ్రై ఫుడ్ కొనేటప్పుడు

కిలో ధర చూసి మూట ఎంచుకోవడం చాలామంది చేసే పొరపాటు. చూడవలసింది వెయ్యి కేలరీల ధర. కిలో రూ.220 ఉండి 3,300 కేలరీలు ఇచ్చే రకంలో వెయ్యి కేలరీలకు సుమారు రూ.67 పడుతుంది, కిలో రూ.260 ఉండి 4,000 కేలరీలు ఇచ్చే రకంలో రూ.65 పడుతుంది. అంగడిలో ఖరీదుగా కనిపించినది గిన్నెలో చవక అయింది. కేలరీలు సంచి మీద వేయకపోతే మీరే కట్టుకోవచ్చు. నూరు గ్రాములలో మాంసకృత్తులు, పిండిపదార్థం ఎన్ని గ్రాములుంటే వాటిని మూడున్నరతోనూ, కొవ్వును ఎనిమిదిన్నరతోనూ గుణించి కలపాలి. పిండిపదార్థం ఎంతో సంచి మీద ఉండదు కాబట్టి, నూరులో నుంచి మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ తీసివేసి, బూడిద (ఖనిజ లవణాలు) కింద ఇంకో ఎనిమిది తీసివేస్తే మిగిలేది అదే. మాంసకృత్తులు 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10 అని రాసి ఉన్న మూటకు ఈ లెక్కన నూరు గ్రాములకు 323 కేలరీలు వస్తాయి.

కుక్కల తిండి చవకగా దొరుకుతుందని దానికి మారవద్దు. పిల్లి పూర్తిగా మాంసాహార జీవి. టారిన్ అనే పదార్థాన్ని తన అవసరానికి తగినంత దాని శరీరం తయారు చేసుకోలేదు, కుక్క చేసుకోగలదు. అందువల్ల కుక్కల తిండిలో పిల్లికి చాలినంత టారిన్ ఉంటుందన్న నమ్మకం లేదు. టారిన్ కొరవడిన పిల్లులకు గుండె కండరం సాగి బలహీనపడుతుందని, టారిన్ అందిస్తే అవి కోలుకుంటాయని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన పరిశోధకులు సైన్స్ పత్రికలో వెల్లడించారు. ఈ లోపం కంటిచూపును కూడా తీసేస్తుంది. ఒక పూట గత్యంతరం లేక కుక్కల తిండి పెడితే ఏమీ కాదు. నెలల తరబడి పెడితే ఆ మిగులు అంతా ఆసుపత్రికి పోతుంది.

పెద్ద మూట విప్పి కిలోల లెక్కన అమ్మే విడి తిండిలో గడువు తేదీ ఎప్పటిదో తెలియదు. తప్పనిసరి అయితే అసలు సంచిని చూపించమని అడగండి. గడువు దగ్గర పడిన మూటలను డీలర్లు తగ్గింపుకు ఇస్తారు. సీలు చెక్కుచెదరనివైతే, గడువు లోపల అయిపోతాయనుకుంటే అవి మనకు మంచి బేరమే. విప్పిన మూటను ప్లాస్టిక్ డబ్బాలో కుమ్మరించకుండా, సంచితో సహా మూతగల స్టీలు డ్రమ్ములో నిలబెట్టండి. మే నెల ఎండకు రేకుల కింద పెట్టిన తిండిలోని కొవ్వు చిక్కువాసన వేస్తుంది, ఆ వాసన మనకంటే ముందు పిల్లికి తెలుస్తుంది.

తిండి మార్చవలసి వస్తే వారం, పది రోజులలో పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ఇది మేము దెబ్బ తిని నేర్చుకున్నది. ఒక నెల డబ్బు లేక, రాత్రికి రాత్రి వేరే చవక రకం తెచ్చి పోశాము. "ఆకలేస్తే అవే తింటాయిలే" అనుకున్నాము. తక్కినవి మరునాటికి తిన్నాయి. చింతపిక్క అని పిలుచుకునే బొద్దుపిల్లి మాత్రం గిన్నె దగ్గరికి వచ్చి, మూతి పెట్టి, వెనక్కి తిరిగి, ముందరి కాలితో నేలను గీరి వెళ్ళిపోయేది. నాలుగో నాటికి దాని చెవుల లోపలి భాగం, చిగుళ్ళు పసుపు తిరిగాయి. పిల్లి, అందులోనూ లావుపాటిది, రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో చేరి దానిని దెబ్బ తీస్తుందని డాక్టరు గారు చెప్పారు. మూడు వారాల పాటు గొట్టం ద్వారా తిండి ఎక్కిస్తే బతికింది. ఆ వైద్యానికైన ఖర్చుతో మా పాత రకం తిండి నెలన్నరకు సరిపడా వచ్చేది.

చికెన్ అంగడి నుంచి వచ్చేది

తిరుమల కొండ మీద మాంసం నిషిద్ధం కాని, కింద తిరుపతి ఊరిలో చికెన్ అంగడి లేని వీధి తక్కువ. ఒకే అంగడిని నమ్ముకోకుండా రెండు మూడు అంగళ్ళవారితో మాట్లాడి పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటిన తరువాత, రద్దీ తగ్గినప్పుడు వెళ్ళడం మంచిది. పొద్దున్నే వెళ్ళి అడిగితే ఎవరికైనా విసుగే. మాకు అలవాటైన అంగడిలో అబ్బాయి దూరం నుంచే "అక్కా, ఈ పొద్దు మెడలు జాస్తిగా ఉండాయి, ఎత్తుకొని పో" అంటాడు. ఊరికే ఇచ్చినా ఎంతో కొంత చేతిలో పెట్టి రావాలని నా అభిప్రాయం. ఊరికే ఇచ్చేది ఇచ్చేవారి ఇష్టం మీద నిలుస్తుంది, డబ్బు పెట్టి తెచ్చుకునేదాని మీద మనకు మాట ఉంటుంది.

తీసుకోవలసినవి మెడలు, గుండెకాయలు, కందనకాయలు, కొద్దిగా కార్జం. గుండెకాయలలో టారిన్ ఎక్కువ, కాబట్టి వాటిని వదలవద్దు. కార్జం మొత్తం మాంసంలో ఇరవయ్యో వంతు మించకూడదు. అందులోని విటమిన్ ఏ ఒంట్లో పేరుకుపోయి, కాలక్రమంలో మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. కోడికాళ్ళు, తలకాయలు కడుపు నింపుతాయి కాని వాటి మాంసకృత్తులు నాసిరకం. పేగులు తీసుకోనే వద్దు.

పైన చెప్పిన నలభై పిల్లులకు ఒక పూట వంట ఇది. ఎముకలు తీసిన తరువాత రెండున్నర కిలోలు తూగేంత మాంసం, అందులో కార్జం 125 గ్రాములకు మించకుండా, 300 గ్రాముల బియ్యం, మునిగేటన్ని నీళ్ళు. ఉప్పు, కారం, నూనె అక్కరలేదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి కాబట్టి, మన కూరలో మిగిలిన పులుసు కూడా కలపరాదు. కుక్కరులో మెత్తగా ఉడికించి, చల్లారిన తరువాత ఎముకలన్నీ చేత్తో ఏరివేయాలి. ఉడికిన ఎముక పుల్లల్లా చీలి గొంతులో గుచ్చుకుంటుంది. ఉడికిన నీళ్ళను పారబోయవద్దు. టారిన్ నీళ్ళలోకి దిగిపోతుంది, ఆ నీళ్ళతోనే అన్నం కలపాలి.

ఎముక లేని మాంసంలో కాల్షియం లేనట్టే. మాంసం మాత్రమే తిని పెరిగిన కూనల ఎముకలు కొంచెం దూకినా విరుగుతాయి. దీనికి ఖర్చు లేని మందు గుడ్డు పెంకు. పెంకులను కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేడి చేసి, మిక్సీలో మైదాలా పొడి చేసి, కిలో మాంసానికి ఒక టీ చెంచా మట్టంగా, అంటే సుమారు ఐదు గ్రాములు కలపాలి. మేము వీధి మొదట్లో ఉన్న టిఫిన్ బండి నుంచి రోజూ పెంకులు తెచ్చుకుంటాము. ఆమ్లెట్ వేసే అన్నకు మొదట్లో మా మతి మీద అనుమానం ఉండేది.

ఈ వంటను వారానికి మూడు పూటలకు మించి పెట్టకండి. మిగిలిన పదకొండు పూటలూ డ్రై ఫుడ్ ఉంటే, మన వంటలో ఏదైనా కొరత పడినా అది సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువ పూటలు పెట్టదలచుకుంటే టారిన్ పొడి ఎంత కలపాలో పశువైద్యులను అడగండి. మూడు పూటల వల్ల నెలకు సుమారు 16 కిలోల డ్రై ఫుడ్, పై ధరలో నాలుగు వేల రూపాయలు తగ్గుతాయి. మాంసం, గ్యాసు ఖర్చు పోను మిగిలేది అందులో కొంతే. అయినా ఆ కొంతతోనే మేము మందుల బాకీ తీర్చాము.

పచ్చి మాంసం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ వచ్చింది. ఆ వైరస్ పిల్లులకు సోకితే ప్రాణాల మీదికి వస్తుంది. అలాంటి రోజుల్లో చికెన్ అగ్గువకు వచ్చినా ఆశపడకుండా డ్రై ఫుడ్‌కే పరిమితం కావాలి. పెరటాసి నెల (సెప్టెంబరు, అక్టోబరుల మధ్య వచ్చే తమిళ నెల) గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఆ నెలంతా, ముఖ్యంగా శనివారాలు, మన జిల్లాల్లో చాలా ఇళ్ళలో మాంసం ముట్టరు. కోతలు తగ్గితే మెడలూ తగ్గుతాయి. వెంటనే కార్తీకం వస్తుంది. అందుకే మేము ఆ రెండు నెలలకూ ఒక మూట అదనంగా లెక్క వేసుకుంటాము.

అప్పుడు ఆదుకునేది గుడ్డు. ఒక్కొక్కటి సుమారు 70 కేలరీలు ఇస్తుంది. పగుళ్ళ గుడ్లు తక్కువ ధరకు ఇస్తారు, తెచ్చిన రోజే గట్టిగా ఉడికించి వాడాలి. పాలు వద్దు; ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగక విరేచనాలు పట్టుకుంటాయి. పెరుగన్నం ఎంత ప్రేమతో తెచ్చినా అది పిల్లికి భోజనం కాదు.

తినే నోళ్ళు పెరగకుండా

ఆడపిల్లి నాలుగైదు నెలల వయసులోనే చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది, కూనలకు పాలిస్తూనే మళ్ళీ ఎదకు రాగలదు. ఆపరేషన్ చేయించని ఒక్క ఆడపిల్లి మీ తిండి లెక్కను ఏడాదిలో తలకిందులు చేస్తుంది. చేతిలో ఐదు వేలు ఉండి, మూట కొనాలా, ఆపరేషన్ చేయించాలా అన్న ప్రశ్న వస్తే, పది రోజుల తిండి ఉన్నంత వరకు నేను ఆపరేషన్‌కే ఓటు వేస్తాను. 1955లో మొదలై, ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న తిరుపతి పశువైద్య కళాశాల మన ఊళ్ళోనే ఉండడం అదృష్టం. ఏ రోజు తీసుకురావాలో ముందుగా కనుక్కొని, నాలుగైదు పిల్లులను ఒకే విడతలో తీసుకువెళితే ఆటో ఖర్చు కలిసి వస్తుంది.

వీధిలో ఎవరో ఒకరు పెడుతుంటే తిని ఆరోగ్యంగా తిరుగుతున్న పెద్ద పిల్లిని, ఆపరేషన్ చేయించి, కోలుకున్నాక అదే వీధిలో వదలడం మేలు. ఆశ్రయంలో చోటు జబ్బు చేసినవాటికి, తల్లి లేని కూనలకు ఉంచాలి. రాత్రి గేటు ముందు అట్టపెట్టెలో వదిలి వెళ్ళేవారిని ఆపలేము కాని, ఎదురుగా వచ్చి అడిగేవారికి "ఇప్పుడు చోటు లేదు" అని చెప్పడం నేర్చుకోవాలి. నాకు ఇప్పటికీ సరిగా చేతకాని పని ఇదే.

అడగడం

పిల్లి శాపాలకు ఉట్లు తెగవు. జనానికి దయ లేదని వాపోతే మూట రాదు; ఎంత కావాలో, ఎందుకు కావాలో అంకెతో చెబితే వస్తుంది. గోడ మీద రాసి పెట్టిన రూ.625 ఇప్పుడు పనికి వస్తుంది. తిరుమలలో ఒక రోజు అన్నప్రసాద వితరణకు విరాళం ఇచ్చే సంప్రదాయం ఎరిగిన ఊరు మనది. "మా ఆశ్రయానికి సాయం చేయండి" అంటే తల ఊపి వెళ్ళిపోయినవారే, "మీ పాప పుట్టినరోజున నలభై పిల్లులకు ఒక రోజు తిండి, 625 రూపాయలు" అంటే అక్కడికక్కడే ఫోన్ తీశారు. పెద్ద మొత్తం ఒక్కసారి ఇచ్చే ఒకరికంటే, నెల నెలా రెండు వందలు ఇచ్చే ముప్పై మంది మేలు, ఎందుకంటే పిల్లుల ఆకలి కూడా నెల నెలా వచ్చేదే.

మన ఊళ్ళో శాకాహారులైన దాతలు ఎక్కువ. మాంసానికి డబ్బు ఇవ్వడం వారికి మనసొప్పదు, దాన్ని తప్పు పట్టవలసిన పని లేదు. ఆపరేషన్లు, మందులు, ఫినాయిలు, మలం తొట్లలోకి ఇసుక, కరెంటు బిల్లు వారికి చూపించండి. ఆ ఖర్చులు వారి చేతి మీదుగా జరిగితే, వాటికి పెట్టే డబ్బు తిండికి మిగులుతుంది. వారి డబ్బు వేరే పద్దులో రాయండి, ఆ మాట తప్పకండి.

డబ్బు ఎవరి సొంత ఖాతాలోనూ పడకూడదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులు చేరి సంఘం నమోదు చేసుకోవచ్చు. ఆ పేరుతో ఖాతా, ఆ ఖాతాకు క్యూఆర్ కోడ్ పెట్టుకోవాలి. దాతలకు విరాళం మీద ఆదాయపు పన్ను రాయితీ ఇప్పించడానికి వేరుగా అనుమతి తెచ్చుకోవాలి కాని, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఆ రాయితీ వర్తించదు. కాబట్టి దాని చుట్టూనే ఆశలు పెట్టుకోనక్కరలేదు. కంపెనీల చట్టం, 2013లోని సామాజిక బాధ్యత పనుల జాబితాలో జంతు సంక్షేమం ఉంది. మూడు నాలుగేళ్ళ లెక్కలు సక్రమంగా ఉన్న సంఘాలు ఆ దారి కూడా చూడవచ్చు.

అమెరికాలో ఎవరో ఒకరు లేని కుటుంబం తిరుపతిలో అరుదు కనుక ఇంకొక జాగ్రత్త చెప్పాలి. భారత పౌరులు అక్కడ సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, మేనమామ అయినా సరే, అది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 కిందికి వస్తుంది. ఆ చట్టం కింద నమోదు లేకుండా తీసుకోరాదు. ఎంత ఇబ్బందిలో ఉన్నా పాస్‌పోర్టు ఏ దేశానిదో అడిగే తీసుకోండి.

నెలాఖరు మూట

డబ్బు కాస్త ఆడిన నెలలో పది కిలోల మూట ఒకటి ఎక్కువ కొని, సీలు తీయకుండా, దాని మీద కొన్న తేదీ, గడువు తేదీ పెద్ద అక్షరాలతో రాసి పక్కన పెట్టండి. వాడే డ్రమ్ములో మూడు రోజుల తిండి మాత్రమే మిగిలినప్పుడు దాన్ని విప్పాలి, విప్పిన రోజే దాతలకు కబురు వెళ్ళాలి. ఆ వారం కూనలకు, పాలిచ్చే తల్లులకు, జబ్బు నుంచి కోలుకుంటున్నవాటికి పూర్తి కొలత పెట్టి, లావుగా ఉన్న పెద్దవాటికి కొలతలో నాలుగో వంతు తగ్గించి, ఆ తగ్గిన మేరకు ఉడికిన గుడ్డు కలపవచ్చు. ఏ పిల్లినీ పూర్తిగా పస్తు పెట్టవద్దు. ఆరు నెలల్లో ఆ మూట అవసరం రాకపోతే గడువు దాటక ముందే వాడేసి, దాని స్థానంలో కొత్తది పెట్టాలి. మా దగ్గర దాని సీలు విప్పే అధికారం ఇద్దరికే ఉంది, విప్పినవారు పుస్తకంలో సంతకం పెట్టాలి. గత ఏడాది పుస్తకంలో అలాంటి సంతకాలు రెండు ఉన్నాయి; రెండూ పెరటాసిలోనివే.